గడప దాటని గోడు

బొగ్గు గనుల ప్రాంతంలోని ఒక పట్టణంలో మా ఖాలా ఇల్లు ఉంది. చిన్న వీధి. పదిహేను ఇళ్లకు మించి ఉండవు. సగం ఇళ్లు ముస్లింలవి, సగం ఇతరులవి. వీధికి ఒక పక్కగా మురుగు కాలువ పారుతుంది. ఇంటింటికీ మంచినీరు తెచ్చే గొట్టం ఆ కాలువలోనుంచే సాగుతుంది. ఆ గొట్టం ఎక్కడో పగిలింది. నల్లా వచ్చిన మొదటి పావుగంట నీరు పచ్చగా, దుర్వాసనతో వచ్చేది. ఇల్లాళ్లు ఆ నీటిని పారబోసి, తరువాత వచ్చిన నీటిని గుడ్డతో వడగట్టి, కాచి వాడుకునేవారు. కాచే తీరిక లేనివారు అలాగే తాగేవారు. ఒక వర్షాకాలంలో ఆ వీధికి చెందిన ఏడేళ్ల పిల్లవాడు కామెర్లతో ఇరవై రోజులు మంచం పట్టాడు.

పరామర్శకు వెళ్లిన నేను, “ఈ నీళ్ల సంగతి ఎవరికైనా చెప్పారా ఖాలా?” అని అడిగాను.

“చెప్పకపోవుడేంది బేటా! మూడేండ్ల సంది చెప్తనే ఉన్నం” అంది ఆమె.

ఎవరెవరికి చెప్పారో లెక్క తీశాము. నల్లా విప్పే మనిషికి చెప్పారు. వీధి ఊడ్చే ఆమెకు చెప్పారు. ఓట్ల కోసం వచ్చిన నాయకునికి చెప్పారు. మసీదు కమిటీ పెద్దకు చెప్పారు. ఎదురింటి పెద్దమ్మ తన మేనల్లునికి చెప్పింది. అతనికి ఎవరో తెలుసు గనుక. అందరూ విన్నారు, అందరూ తల ఊపారు.

మరునాడు వీధివారు నలుగురితో కలిసి సంబంధిత కార్యాలయానికి వెళ్లాము. అక్కడి ఉద్యోగి మా మాట ఓపికగానే విన్నాడు. ఫిర్యాదుల పుస్తకం తెరిచి, వెనుకకు కొన్ని పుటలు తిప్పి, తల ఎత్తి అడిగాడు: “ఎన్నడన్న రాసిచ్చిండ్రా?”

ఎవరూ మాట్లాడలేదు. మూడేళ్ల గోడు ఆ కార్యాలయంలో ఒక్క అక్షరంగానైనా లేదు. ఆ పుస్తకం దృష్టిలో మా ఖాలా వీధిలో ఏ సమస్యా లేదు.

ఈ నెల ఈ శీర్షికలో మాట్లాడదలచినది ఆ ఖాళీ పుట గురించే. మన ఇళ్లలో గోడుకు కొదవ లేదు. దాన్ని మనం వంటింట్లో చెప్పుకుంటాము, అరుగుల మీద చెప్పుకుంటాము, పెళ్లిళ్లలో కలిసినప్పుడు చెప్పుకుంటాము. దానిని వినవలసిన బాధ్యత చట్టరీత్యా ఎవరి మీద ఉందో ఆ వ్యక్తికి మాత్రం, తేదీతో, సంతకంతో, రశీదుతో అందజేయము. అందజేయనంత కాలం అది ఫిర్యాదు కాదు, నిట్టూర్పు మాత్రమే.

అడిగేందుకు కౌన్సిలర్ లేని పట్టణం

కొన్ని ఊళ్లలో ఈ నిర్లక్ష్యాన్ని కొంతవరకు కప్పిపుచ్చే ఏర్పాటు ఒకటి ఉంటుంది. వార్డుకు ఒక కౌన్సిలర్ ఉంటాడు. అతడు మన వీధివాడే, పొద్దున చాయ్ హోటల్ దగ్గర కనిపిస్తాడు. నోటిమాటగా చెప్పినా, మళ్లీ ఓటు అడగాలి గనుక, మన గోడును పురపాలక సమావేశం వరకు మోసుకుపోవచ్చు. మరి కౌన్సిలరే లేని పట్టణంలో సంగతి ఏమిటి?

మంచిర్యాల జిల్లాలోని మందమర్రి అటువంటి పట్టణం. కాజీపేట నుంచి బల్లార్షాకు పోయే రైలు మార్గంలో ఉన్న ఈ ఊరు సింగరేణి బొగ్గు బావుల చుట్టూ పెరిగింది. పేరుకు మునిసిపాలిటీ ఉంది. కమిషనర్ ఉన్నాడు, పన్నులు ఉన్నాయి, సిబ్బంది ఉన్నారు. రెండు దశాబ్దాలు దాటినా అక్కడ పురపాలక ఎన్నికలు మాత్రం జరగలేదు. 2020 జనవరి 22న రాష్ట్రంలో 120 మునిసిపాలిటీలకు, 9 కార్పొరేషన్లకు ఎన్నికలు జరిగాయి. మందమర్రికి ఆనుకొని ఉన్న రామకృష్ణాపూర్ ప్రాంతం 2018లో క్యాతన్‌పల్లి మునిసిపాలిటీగా ఏర్పడి, ఆ ఎన్నికలలో తన పాలకవర్గాన్ని ఎన్నుకున్నది. దానికంటె పాత మునిసిపాలిటీ అయిన మందమర్రి చూస్తూ ఉండిపోయింది. పాల్వంచ, మణుగూరు పట్టణాలదీ అప్పుడు అదే పరిస్థితి.

కారణం ఎవరి బద్ధకమో కాదు, రాజ్యాంగంలోని ఒక చిక్కుముడి. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ దేశంలోని పట్టణాలకు ఎన్నికైన పాలకవర్గాలను తప్పనిసరి చేసింది. అయితే అదే సవరణలోని 243 జడ్‌సీ అధికరణం, ఆదివాసుల రక్షణ కోసం ప్రకటించిన షెడ్యూల్డ్ ప్రాంతాలకు ఈ ఏర్పాటు నేరుగా వర్తించదని, పార్లమెంటు ప్రత్యేక చట్టం ద్వారా తగిన మార్పులతో విస్తరింపజేయవచ్చునని చెప్పింది. గ్రామాల విషయంలో పార్లమెంటు అటువంటి చట్టాన్ని 1996లో చేసింది. దానినే పెసా అంటున్నాము. పట్టణాల కోసం 2001లో రాజ్యసభలో బిల్లు ప్రవేశపెట్టారు గాని, అది చట్టం కాలేదు. మందమర్రి షెడ్యూల్డ్ ప్రాంతం కిందికి వస్తుందన్న న్యాయ వివాదం ఆ పట్టణానికి పురపాలక ఎన్నికలను అడ్డుకున్నది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. షెడ్యూల్డ్ ప్రాంతపు రక్షణలు గోండులు, కోలాములు మొదలైన ఆదివాసుల భూమి కోసం, ఉనికి కోసం ఏర్పడినవి. ఆ రక్షణలు తొలగితే తప్ప మనకు ఓటు రాదు అనుకోవడం అన్యాయం. ఒకరి హక్కు మరొకరి హక్కుకు అడ్డుగా నిలిచేట్లు చేసినది రెంటినీ కలిపి చట్టం చేయడంలో జరిగిన జాప్యమే గాని ఆదివాసులు కారు. అడగవలసినది ఆ చట్టాన్నే, అడగవలసినది పార్లమెంటునే.

ఈ లోపల మందమర్రి గృహిణి ఇంటి ముందు కాలువ పొంగుతూనే ఉంటుంది. అక్కడ ముప్పై ఏళ్ల యువకుడు శాసనసభకు ఓటు వేశాడు, లోక్‌సభకు ఓటు వేశాడు. తన వీధి దీపం సంగతి చూసే మనిషిని ఎన్నుకునేందుకు ఒక్కసారి కూడా ఓటు వేయలేదు. 2019 నాటి తెలంగాణ మునిసిపాలిటీల చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలను ఏర్పరచింది: యువతకు ఒకటి, మహిళలకు ఒకటి, వృద్ధులకు ఒకటి, పట్టణ ప్రముఖులకు ఒకటి, ఒక్కొక్క దానిలో 15 మంది. పాలకవర్గమే లేనిచోట ఈ ఏర్పాటంతా ఎంత బలహీనపడుతుందో ఊహించవచ్చు. అధికారి ఎంత మంచివాడైనా బదిలీ మీద వస్తాడు, బదిలీ మీద పోతాడు. నోటిమాట అతనితోపాటే పోతుంది. కాగితం మాత్రం కార్యాలయంలో ఉండిపోతుంది. కనుక కౌన్సిలర్ ఉన్న ఊరిలో దరఖాస్తు ఒక సౌకర్యం. కౌన్సిలర్ లేని ఊరిలో అది పౌరుని గొంతు.

ఏ తలుపు తట్టాలి?

బొగ్గు గనుల ఊళ్లలో మరొక చిక్కు ఉంది. అక్కడ ఒకే ఊరిలో మూడు పాలనలు సాగుతాయి. కంపెనీ క్వార్టర్లలో నీరు, కరెంటు, రోడ్లు, పారిశుద్ధ్యం సింగరేణి చూసుకుంటుంది. అక్కడి ఫిర్యాదు ఏరియా జనరల్ మేనేజర్ పరిధిలోని సివిల్ విభాగానికి పోవాలి. క్వార్టర్ల గోడ దాటిన బస్తీ మునిసిపాలిటీది. మరికొంత దూరం పోతే గ్రామ పంచాయతీ. కాలువ మాత్రం ఈ హద్దులను ఎరుగదు. క్వార్టర్లలో పుట్టి, బస్తీలో పొంగి, పంచాయతీ చెరువులో కలుస్తుంది.

ముప్పై ఏళ్లకు పైగా బావిలో పనిచేసి పదవీ విరమణ పొందిన కార్మికుని స్థితి గమనించండి. ఉద్యోగమంతా కాలం అతని నల్లా బాధ్యత కంపెనీది. క్వార్టరు ఖాళీ చేసి బస్తీలో చిన్న ఇల్లు కట్టుకున్న మరుక్షణం అతని తలుపు మారిపోయింది. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పరు. అలవాటు కొద్దీ పాత కార్యాలయానికే వెళ్తాడు. “మాది కాదు పో” అనిపించుకొని తిరిగి వస్తాడు. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి ఇల్లు కదలడు. “మాది కాదు” అన్న మాట విన్నప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటే: “మరి ఎవరిది సార్?” ఆ జవాబును దరఖాస్తు మీదనే రాసిమ్మని కోరడం తప్పు కాదు.

గ్రామాలలో తలుపులే మారిపోయాయి. తరతరాలుగా తెలంగాణ పల్లెలో అధికారమంటే పటేలు, పట్వారీ. 1984లో నందమూరి తారక రామారావు ప్రభుత్వం ఆ వంశపారంపర్య వ్యవస్థను రద్దు చేసింది. తరువాతి కాలంలో గ్రామ రెవెన్యూ అధికారులు వచ్చారు. 2020 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఆ పదవులను కూడా చట్టం ద్వారా తొలగించింది. 2025లో గ్రామ పాలనాధికారులు వచ్చారు. పేర్లు మారిన ప్రతిసారీ పల్లె మనిషి కొత్తగా దారి వెదుక్కోవలసి వచ్చింది. అందుచేత గుర్తుంచుకోవలసిన గీత ఒకటి ఉంది: భూమి, పట్టా, కులం, ఆదాయం వంటి ధ్రువపత్రాలు రెవెన్యూ శాఖవి, అంటే తహసీల్దారు వైపు. మురుగు, వీధి దీపం, చెత్త, వీధి రోడ్డు, పంచాయతీ నీరు ఇవన్నీ సర్పంచి, పంచాయతీ కార్యదర్శి వైపు. కరెంటు తీగ వేలాడితే విద్యుత్ పంపిణీ సంస్థ వారి వైపు. సగం ఫిర్యాదులు చేరవలసిన చోటికి చేరకపోవడం వల్లనే చచ్చిపోతాయి.

గ్రామాలకు పట్టణాల కంటె ఒక గొప్ప సౌకర్యం ఉంది. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం కనీసం రెండు నెలలకు ఒకసారి గ్రామసభ జరగాలి. ఊరి ఓటర్లందరూ ఆ సభకు సభ్యులే. అక్కడ లేచి చెప్పిన మాట తీర్మానాల పుస్తకంలోకి ఎక్కే అవకాశం ఉంది. మన ఇళ్లనుంచి ఎంతమంది గ్రామసభకు వెళ్తున్నాము? ముఖ్యంగా మన స్త్రీలు ఎంతమంది వెళ్తున్నారు? బిందె మోసేది ఆమె, పసివాని జ్వరానికి రాత్రంతా మేల్కొనేది ఆమె. ఆమె లేని సభలో నీటి గురించి మాట్లాడేవారికి నీటి సంగతి తెలియదు.

దారిలో నిలబడిన ఖలీఫా

అధికారిని ప్రశ్నించడం అమర్యాద అనీ, మంచి ఇంటి స్త్రీ కార్యాలయాల మెట్లు ఎక్కరాదనీ భావించే కుటుంబాలు మనలో ఇంకా ఉన్నాయి. అటువంటివారు హజ్రత్ ఖౌలా బిన్తె సఅలబా (రజియల్లాహు అన్హా) ఉదంతాన్ని ఒకసారి జ్ఞాపకం చేసుకోవాలి. భర్త తొందరపాటుతో అన్న మాట వల్ల, అజ్ఞానకాలపు ఆచారం ప్రకారం, ఆమె సంసారం కూలిపోయే స్థితికి వచ్చింది. ఆమె ఇంట్లో కూర్చొని ఏడవలేదు. నేరుగా దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) సన్నిధికి వచ్చి తన కష్టాన్ని విన్నవించుకున్నది. మొదటి సమాధానంతో తృప్తి పడక, పిల్లల సంగతి చెప్పి, మళ్లీ మళ్లీ వాదించింది. ఆ వాదన విన్న అల్లాహ్, ఆమె విషయమై ఆదేశాలు అవతరింపజేశాడు. దివ్య ఖుర్ఆన్‌లోని 58వ సూరాకు ‘అల్ ముజాదిలా’, అంటే వాదించిన స్త్రీ, అన్న పేరు ఆమె వల్లనే వచ్చింది.

ఎన్నో ఏళ్ల తరువాత, ఖలీఫాగా ఉన్న హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) అనుచరులతో వెళ్తుండగా ఒక వృద్ధురాలు దారిలో ఆపి చాలాసేపు ఆయనకు హితవు చెప్పిందని ఉల్లేఖనాలు తెలుపుతున్నాయి. ఆయన తల వంచి, ఆమె ముగించేవరకు కదలక నిలబడ్డారు. ఒక ముసలామె కోసం ఇంతమందిని నిలబెట్టారేమని ఎవరో అడుగగా, ఆమె ఖౌలా అని, ఆమె మొరను సప్తాకాశాల పైనున్న ప్రభువే ఆలకించగా తాను ఆలకించకుండా ఎలా పోగలనని ఆయన బదులిచ్చారు.

ఈ ఉదంతంలో ఇద్దరికి పాఠం ఉంది. వినవలసిన స్థానంలో ఉన్నవారికి పాఠం ఉమర్ (రజి) నిలబడిన తీరు. చెప్పుకోవలసిన స్థానంలో ఉన్నవారికి పాఠం ఖౌలా (రజి) వాదించిన తీరు. ఆమె అరవలేదు, దూషించలేదు. తన సంగతిని పూర్తిగా, స్పష్టంగా, జవాబు వచ్చేవరకు చెప్పింది.

అర పేజీ దరఖాస్తు

దరఖాస్తు రాయడానికి పెద్ద చదువు అవసరం లేదు. ఇంట్లో పదో తరగతి చదివే అమ్మాయి రాయగలదు. కొన్ని నియమాలు పాటిస్తే చాలు. ఒక కాగితంలో ఒకే సమస్య ఉండాలి. నీళ్లు, దీపాలు, కుక్కలు, రోడ్డు అన్నీ కలిపి రాస్తే ఆ కాగితం ఏ గుమాస్తా బల్లమీదకూ పోదు. ఎవరికి రాస్తున్నామో హోదాతో రాయాలి. స్థలం ఎక్కడో తెలియని మనిషి కూడా వెళ్లి చూడగలిగేట్లు గుర్తులు చెప్పాలి. ఎప్పటినుంచి, ఎన్ని ఇళ్లకు, ఎవరికి ఏ హాని జరుగుతున్నదో రెండు వాక్యాలలో రాయాలి. చివరగా ఏమి చేయమంటున్నామో తేటగా అడగాలి. “తగు చర్య తీసుకోగలరు” అన్న వాక్యానికి ఏ అర్థమైనా చెప్పవచ్చు. “కాలువలో ఉన్న గొట్టాన్ని కాలువ బయటికి మార్చగలరు” అన్న వాక్యానికి ఒకటే అర్థం.

నిందలు, వ్యంగ్యాలు, రాజకీయాలు అందులో వద్దు. తెలియని సంగతిని తెలిసినట్లు రాయవద్దు. పిల్లవానికి నీటి వల్లనే కామెర్లు వచ్చాయని వైద్యుడు చెప్పి ఉంటే అలా రాయండి. చెప్పకపోతే, నీరు దుర్వాసనగా ఉన్నదని, పిల్లవానికి కామెర్లు వచ్చాయని, నీటిని పరీక్షించమని కోరండి. సత్యం పలకడం మన ధర్మం. పైగా అబద్ధం దొరికిన దరఖాస్తులో నిజానికి కూడా విలువ పోతుంది.

రెండు ప్రతులు తీసుకువెళ్లాలి. ఒకటి ఇచ్చి, రెండవదాని మీద కార్యాలయపు ముద్ర, తేదీ, సంతకం వేయించుకోవాలి. ముద్ర లేకుండా ఇచ్చిన కాగితం ఇవ్వని కాగితంతో సమానం. రెండు వారాల తరువాత ఆ ప్రతితోనే మళ్లీ వెళ్లాలి.

అక్కడ పని కాకపోతే పై తలుపు ఉంది. ప్రతి సోమవారం కలెక్టరేట్‌లలో ప్రజావాణి జరుగుతుంది. ఒకప్పుడు మందమర్రి వారికి కలెక్టర్‌ను కలవాలంటే వంద కిలోమీటర్లకు మించిన దూరంలోని ఆదిలాబాద్ పోవలసి వచ్చేది. ఒక రోజు కూలీ, రానుపోను చార్జీలు ఖర్చయ్యేవి. 2016 అక్టోబరు 11న మంచిర్యాల జిల్లా ఏర్పడిన తరువాత ఆ కార్యాలయం దగ్గరికి వచ్చింది. దగ్గరికి వచ్చిన తలుపును తట్టకపోతే దూరమైన తలుపుతో దానికి తేడా లేదు.

ఇచ్చిన దరఖాస్తు ఏమైందో తెలియనప్పుడు 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో ఈ దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి ఆ రుసుము కూడా లేదు. 30 రోజులలో సమాధానం ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే కార్యాలయంలోని పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. “మా పని ఎందుకు చేయలేదు?” అని అడగవద్దు, అది ప్రశ్న గాని సమాచారం కాదు. “ఫలానా తేదీన ఇచ్చిన మా దరఖాస్తుపై తీసుకున్న చర్యల వివరాలు, సంబంధిత పత్రాల నకళ్లు ఇవ్వగలరు” అని అడగాలి. చాలా దరఖాస్తులు ఈ ఒక్క వాక్యంతోనే బల్ల కిందినుంచి బల్ల మీదికి వస్తాయి.

సంతకాలు ఎవరివి?

మన వీధిలో మనం ఒక్కరమే నివసించము. మురుగునీటికి మతం లేదు. కనుక దరఖాస్తు ‘మా వర్గం’ పేరిట కాక ‘మా వీధి’ పేరిట ఉండాలి. సంతకాల వరుసలో పక్కింటివారు, ఎదురింటివారు, వీధి చివరన అద్దెకున్నవారు కూడా ఉండాలి. జుమా నమాజు తరువాత మసీదు గుమ్మం వద్ద నిలబడి సంతకాలు సేకరించడం మంచిదే. అదే సాయంత్రం అదే కాగితంతో మిగతా ఇళ్ల తలుపులు కూడా తట్టాలి.

దీనికి మన చరిత్రలో పునాది ఉంది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం)కు ప్రవక్త పదవి రాకమునుపు, యమన్ దేశపు వర్తకుడొకడు మక్కాలో తన సరుకుకు ధర రాక మోసపోయాడు. అతనికి ఆ ఊరిలో బంధువులు లేరు, అండగా నిలిచే తెగ లేదు. అతని మొర విని కొందరు పెద్దలు అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట సమావేశమై, బాధితుడు ఏ తెగవాడైనా, ఊరివాడైనా పరాయివాడైనా, అతని హక్కు అతనికి దక్కేవరకు కలిసి నిలబడతామని ప్రతిన పూనారు. అదే హిల్ఫుల్ ఫుజూల్. ఆ ఒప్పందంలో యువకుడైన ముహమ్మద్ (స) కూడా పాల్గొన్నారు. ఇస్లాం వచ్చిన తరువాత కూడా అటువంటి ఒప్పందానికి తనను పిలిస్తే వస్తానని ఆయన చెప్పినట్లు గ్రంథాలలో ఉంది. ఆ ఒప్పందంలో చేరినవారు తెగ చూడలేదు, హక్కు చూశారు.

వీధి దాటిన ప్రశ్నలు

వీధి సమస్యను అడగడం అలవాటైన ఊరు క్రమంగా పెద్ద ప్రశ్నలు అడగగలుగుతుంది. బొగ్గు గనుల ప్రాంతానికి అటువంటి ప్రశ్నలు రెండున్నాయి.

మొదటిది ఖనిజ నిధి. గనుల వల్ల నష్టపోయే ప్రాంతాల మేలు కోసం ప్రతి గనుల జిల్లాలో ఒక నిధి ఉండాలని 2015లో కేంద్రం గనుల చట్టాన్ని సవరించింది. పాత లీజుల గనులు తాము చెల్లించే రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తాన్ని అదనంగా ఈ నిధికి చెల్లించాలి. అందులో కనీసం 60 శాతం తాగునీరు, కాలుష్య నివారణ, వైద్యం, విద్య, పారిశుద్ధ్యం వంటి అవసరాలకు వెచ్చించాలని ఆనాటి మార్గదర్శకాలు చెప్పాయి. బొగ్గు దుమ్ము పీల్చే ఊరి తాగునీటి కోసమే ఒక నిధి ఉన్నదని ఆ ఊరిలో ఎన్ని ఇళ్లకు తెలుసు? తెలియనిది ఎవరూ అడగరు. అడగని ఊరి పేరు ప్రతిపాదనల జాబితాకు ఎక్కదు.

రెండవది ప్రజాభిప్రాయ సేకరణ. కొత్త గని తెరవాలన్నా, చాలా సందర్భాలలో ఉన్నదాన్ని విస్తరించాలన్నా, 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి ఆధ్వర్యంలో బహిరంగ విచారణ జరగాలి. జిల్లా కలెక్టర్ లేదా ఆయన తరఫున ఉన్నతాధికారి అధ్యక్షత వహిస్తారు. కనీసం 30 రోజుల ముందు పత్రికలలో ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి. అక్కడ పలికిన ప్రతి అభ్యంతరాన్నీ నమోదు చేసి, స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఆ రోజు లేచి, “ఇంటి గోడలు పేలుళ్లకు బీటలు వారుతున్నాయి, బావులు ఎండిపోతున్నాయి” అని చెప్పినవారి మాట ఢిల్లీ దాకా పోయే దస్త్రంలో ఉంటుంది. ఇంట్లో కూర్చొని చెప్పినవారి మాట ఆ ఇంట్లోనే ఉంటుంది.

ఇంత చెప్పినా ఒక నిజాన్ని దాచకూడదు. దరఖాస్తు ఓటుకు ప్రత్యామ్నాయం కాదు. మందమర్రి వంటి పట్టణానికి తన పాలకవర్గాన్ని తాను ఎన్నుకునే హక్కు రావలసిందే. ఆ కోరిక కూడా సంతకాలతో, తేదీలతో, శాసనసభ్యునికి, పార్లమెంటు సభ్యునికి చేరవలసిందే. ఆ రోజు వచ్చేవరకు మాత్రం పౌరుని చేతిలో ఉన్నది అర పేజీ కాగితం. దానినైనా వాడుకోకపోతే తప్పు అధికారులది మాత్రమే కాదు.

మా ఖాలా వీధి కథ ఎలా ముగిసిందని అడుగుతారేమో. ఆ సాయంత్రమే ఎదురింటి పెద్దమ్మ అరుగు మీద కూర్చొని, ఆమె మనుమరాలు దరఖాస్తు రాసింది. పదకొండు ఇళ్లవారు సంతకాలు చేశారు. ఇద్దరు వేలిముద్రలు వేశారు. ఇద్దరు మాత్రం “మాకెందుకు” అని తలుపు వేసుకున్నారు. మొదటి కార్యాలయం ఆ గొట్టం తమది కాదన్నది. “మరి ఎవరిది సార్?” అని మా ఖాలా అడిగింది. రెండవ కార్యాలయంలో ముద్ర పడింది. నాలుగు నెలలు, ఆరు తిరుగుళ్లు పట్టాయి. చివరకు పగిలిన భాగం వరకు గొట్టం మార్చారు. మిగిలినది ఇంకా కాలువలోనే ఉంది.

మొన్న ఫోన్ చేసినప్పుడు పిల్లవాడు బడికి పోతున్నాడని, నీళ్లు తేటగానే వస్తున్నాయని ఖాలా చెప్పింది. ముద్ర వేసిన ఆ కాగితాన్ని రేషన్ కార్డు దాచే రేకు డబ్బాలోనే భద్రపరచిందట. “మిగిలిన గొట్టం కోసం ఇంకోటి రాయిస్తున్న బేటా” అంది. “ఈసారి ఆ రెండిండ్లోళ్లు గూడ సంతకం పెడతమంటున్నరు.”